మంచం కింద నల్లపూస

జూన్ 4

పిల్లులు వచ్చాయి. నేను రమ్మనలేదు.

పై ఫ్లోర్లో ఉండే పళ్ల డాక్టరమ్మ పనే ఇది. పగలు పళ్లు పీకుతుంది, సాయంత్రం పిల్లులు పట్టుకుంటుంది. ఆవిడకి ఒక గ్రూపు ఉంది. ఒక టైలరు, ఒక బ్యాంకు మేనేజరు, ఇద్దరు లెక్చరర్లు. వీధిలో దిక్కులేని పిల్లికూనలు కనిపిస్తే తెచ్చి, ఎవరో ఒకరి ఇంట్లో కొన్నాళ్లు ఉంచి, మచ్చిక చేసి, ఇంజెక్షన్లు వేయించి, పెంచుకునేవాళ్లని వెతికి ఇస్తారట. ఈసారి ఆ ఎవరో ఒకరు నేను. బేకరీ గోడౌన్లో దొరికాయట మూడు కూనలు. తల్లి వ్యాను కింద పడిపోయిందట. కొన్నాళ్లే అక్కా, చూస్తుండగానే అయిపోతుంది అంది. నా కుడివైపు దవడపళ్లు ఇంకా నోట్లో ఉన్నాయంటే ఆవిడ చలవే. మొహమాటానికి పోయి సరే అన్నాను.

నడిమి గదిలో అట్టపెట్టె పెట్టి, ఇసుక ట్రే పెట్టి, తలుపు వేసి వెళ్లిపోయింది. మూడూ మంచం కిందికి దూరాయి.

జూన్ 6

ఒకటి బొద్దుగా ఉంటుంది. బొండాం అని పేరు పెట్టాను. ఇంకోటి తన తోకనే పట్టుకోవాలని గిరగిరా తిరుగుతుంది. అది బొంగరం. మూడోది నల్లది. ఇప్పటికి రెండుసార్లు కనబడింది, అదీ తోక మాత్రమే. దానికి నల్లపూస అని పెట్టాను. పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటానని అమ్మ నన్ను అనేది అలా, నల్లపూసైపోయావే అని. ఇన్నాళ్లకి ఆ పేరు ఇంకొకరికి అంటగట్టాను.

జూన్ 8

డాక్టరమ్మ చూసి పెదవి విరిచింది. మీరు తిండి పెట్టి తలుపేసుకుని వెళ్లిపోతున్నారు కదూ అంది. దొరికిపోయాను. రోజూ గదిలో నేల మీద కూర్చోవాలట. కళ్లలోకి చూడకూడదట. ముఖ్యంగా మాట్లాడాలట. మనిషి గొంతు అలవాటు కావాలి, ఈ వయసు దాటితే ఇక కాదు అంది. ఏం మాట్లాడాలి అని అడిగాను. ఏదైనా సరే, కరెంటు బిల్లు గురించైనా సరే అంది.

నాతో చెప్పవలసిన మాటేనా ఇది? ప్రెస్ వాళ్లు పుస్తకాల ఫైళ్లు పంపిస్తారు, నేను అచ్చుతప్పులు దిద్ది వెనక్కి పంపిస్తాను. పొద్దున్నించి పడుకునేదాకా నోరు విప్పకుండా గడిచిపోయే రోజులే ఎక్కువ. తమ్ముడు ఫోన్ చేస్తే మరదలినే మాట్లాడనిచ్చి ఊరుకుంటాను. ఆ అమ్మాయి ఒక్కతే ఇద్దరి మాటలూ మాట్లాడేస్తుంది.

జూన్ 9

గదిలో కూర్చున్నాను. "ఇదిగో" అన్నాను. తర్వాత ఏమీ తోచలేదు. గోడలు కూడా నన్ను చూసి నవ్వుకున్నట్టనిపించి, లేచి వచ్చేశాను.

జూన్ 10

ఉపాయం తట్టింది. నాన్న టేపు.

పోయిన ఏడాది తమ్ముడు అటక సర్దుతుంటే పాత టేపురికార్డరు, దాన్లోనే ఇరుక్కుపోయిన క్యాసెట్టు దొరికాయి. నువ్వే ఉంచుకోవే అక్కా అని ఇచ్చాడు. ఒకసారి విని, ఏడ్చి, బీరువాలో పెట్టేశాను. ఇవాళ తీసి నడిమి గదిలో పెట్టి నొక్కాను.

నాకప్పుడు ఆరేళ్లు. నాన్న ఆ మిషను కొని తెచ్చి, బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఇంకా అలాగే ఉంది.

"ఆన్ అయిందా? ఎర్రలైటు వెలుగుతోంది, అయినట్టే. ఏం మాట్లాడను?" లోపల్నించి అమ్మ, ఏదో ఒకటి మాట్లాడండి, నాకవతల బోలెడు పనుంది అంటుంది. "సరే. ఇది మా ఇల్లు. ఇది ముందుగది. ఫ్యాను తిరుగుతోంది. నిదానంగా తిరుగుతోంది, దానికేం తొందర. మా వాడు ఉయ్యాల్లో పడుకున్నాడు. మా పెద్దది మంచం కింద ఉంది."

మంచం కింద ఉన్నది నేనే. ఆ పెట్టె మనుషుల గొంతులు లోపలికి లాగేసుకుంటుందని, మళ్లీ ఇవ్వదని నా భయం. నాన్న బతిమాలతాడు. "రామ్మా, బయటికి రా. ఎవరూ ఏమీ అనరు. రాకపోయినా పర్లేదులే. అక్కడే ఉండు. నేనిక్కడే కూర్చుంటాను." కాసేపు ఫ్యాను చప్పుడు. "ఒక్క మాట చెప్పు తల్లీ. నీ గొంతు కూడా ఉండాలి కదా ఇందులో." మళ్లీ ఫ్యాను. నేను నోరు మెదపలేదు. ఆ తర్వాత అమ్మ కాఫీ చల్లారిపోతోందని పిలుస్తుంది, టక్కున ఆగిపోతుంది. అంతే టేపు.

అయిపోగానే వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. బొండాం బయటికి వచ్చి టేపురికార్డరు వాసన చూసింది.

జూన్ 14

బ్రహ్మాండంగా పనిచేస్తోంది. రోజూ పొద్దున, సాయంత్రం నాన్న మాట్లాడతాడు. నేను పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటాను. బొండాం ఒళ్లో పడుకుంటుంది. బొంగరం నా ఎర్ర పెన్ను ఎత్తుకుపోతుంది.

ఇవాళ నల్లపూస కూడా వచ్చింది. టేపురికార్డరు మీదికెక్కి ముడుచుకుని పడుకుంది. మిషను వెచ్చగా ఉంటుంది కదా. నేను చెయ్యి చాపగానే మళ్లీ మంచం కిందికి పరుగు.

నాకైతే ఆ ముందుగదే కళ్ల ముందు. కిటికీకి ఆకుపచ్చ రంగు. ఒక రెక్క సరిగా పడేది కాదు, నాన్న కాగితం మడిచి దోపేవాడు. అమ్మ ఉతికిన బట్టలు మడతపెట్టి మంచం మీద దొంతర్లుగా పేర్చేది, కిందనించి చూస్తే అమ్మ పాదాలు మాత్రమే కనిపించేవి. నాకు ఆ ఇల్లు ఎక్కువగా మంచం కిందినించే గుర్తుంది.

జూన్ 19

బొండాం, బొంగరం వెళ్లిపోయాయి. ఒకే ఇంటికి. ఆస్పత్రిలో నర్సు ఒకావిడ, ఆవిడ అత్తగారు. గ్రూపు వాళ్లు ముందే వెళ్లి వాళ్ల ఇల్లు చూసి వచ్చారు. కిటికీలకి మెష్ ఉందా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా, ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు, అన్నీ ఆరా తీశారట. పెళ్లి సంబంధానికి కూడా ఇంత చూడరేమో.

వెళ్లేటప్పుడు బొండాం వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కృతజ్ఞత లేని ముండ. పెన్ను దొరికింది, మంచం కింద.

జూన్ 24

నల్లపూసని చూడ్డానికి ఒక జంట వచ్చారు. అతనిది ఏదో ఇన్సూరెన్సు ఆఫీసు. పాపం చాలాసేపు కూర్చున్నారు. అది రాలేదు. పోనీ అని టేపు పెట్టాను. వెంటనే బయటికి వచ్చి మిషను మీద కూర్చుంది. ఆ అమ్మాయి ముట్టుకోబోతే పంజా విసిరింది. అతను నవ్వి, పిల్లితోపాటు టేపురికార్డరు కూడా ఇచ్చేస్తారా అని అడిగాడు. సరదాకే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

జూన్ 25

డాక్టరమ్మకి జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వలేదు. అక్కా, మీరు దాన్ని మనిషికి అలవాటు చేయలేదు, మిషనుకి అలవాటు చేశారు అంది.

నిజమే. చీవాట్లు పెట్టినా బాగుండేది, అంత మెత్తగా అంది. వచ్చే వారం దానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఉంది. ఆలోపు మనిషి దగ్గరికి వచ్చిందా సరే. లేకపోతే ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొన కత్తిరించి, దొరికిన చోటే వదిలేస్తారట. మనుషులంటే బెదిరే పిల్లిని ఇంట్లో బంధిస్తే అది జైలే అంది. ఆవిడ మాట కాదనలేను. కానీ దొరికిన చోటంటే బేకరీ గోడౌను. వెనకంతా కుక్కలు, ముందంతా వ్యాన్లు. తల్లి పోయింది అక్కడే.

తప్పు నాది. శిక్ష దానికి.

జూన్ 28

టేపు తెగింది.

పొద్దున నాన్న "మా పెద్దది మంచం కింద ఉంది" అనగానే గొంతు బొంగురుపోయి, సాగి, ఆగిపోయింది. తెరిచి చూస్తే టేపంతా చక్రాల్లో చుట్టుకుపోయి ఉంది. లాగకూడదని తెలుసు. లాగాను. ఫోన్లోకి ఎక్కించుకోవే అని తమ్ముడు లక్షసార్లు చెప్పాడు. నేనేదో పనిలో ఉన్నట్టు ఊఁ కొట్టాను.

చాలాసేపు ఏడ్చాను. చాలా ఏళ్ల కిందట పోయిన మనిషి ఇవాళ మళ్లీ పోయాడు.

జూన్ 29

మార్కెట్ వెనక మెట్ల కింద ఒక షాపు ఉంది. అందరూ రేడియో డాక్టర్ అంటారు. పెద్దాయన. షాపులో నాలుగైదు రేడియోలు ఒకేసారి మోగుతుంటాయి, వాటి మీదినించి ఆయన మాట్లాడుతుంటాడు. రెండో మాటకే నన్ను చెల్లెమ్మా అనేశాడు. భూతద్దం పెట్టి చూసి, మూరెడు టేపు నలిగి నాశనమైంది, అది తీసేసి మిగతాది అతకాలి అన్నాడు. ఆ మూరెడులో ఏముందో నాకు తెలుసు. "రామ్మా" దగ్గర్నించి "ఇక్కడే కూర్చుంటాను" తర్వాతి ఫ్యాను చప్పుడు దాకా.

మిషనుకి బెల్టు కూడా మార్చాలట. రెండూ ఉంచుకున్నాడు. తీసేసిన ముక్క పారేయకండి అని చెప్పి వచ్చాను.

జూన్ 30, పొద్దున

నల్లపూస నిన్నటినించి తినలేదు. గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. మంచం కింద గోడ మూలకి నక్కి, టేపురికార్డరు ఉండే చోటు వైపే చూస్తోంది.

జూన్ 30, సాయంత్రం

ఇది రాసి తీరాలి.

కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. డాక్టరమ్మకి ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే ఏమంటుందో తెలుసు. చివరికి నడిమి గదిలోకి వెళ్లి, తలుపు వేసి, నేల మీద పక్కకి తిరిగి పడుకున్నాను. మంచం కింద చీకట్లో రెండు కళ్లు. కరెంటు బిల్లు గురించి మొదలుపెట్టాను. ఎంత వచ్చిందో చెప్పేలోపే ఆపేశాను. యాభై నాలుగేళ్ల దాన్ని, ఒక పిల్లికూన ముందు సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత ఎలా వచ్చిందో వచ్చింది. "ఆన్ అయిందా" అన్నాను. అన్నాక ఆగలేకపోయాను. ఎర్రలైటు వెలుగుతోంది అన్నాను. ఇది మా ఇల్లు అన్నాను. ఫ్యాను నిదానంగా తిరుగుతోంది, దానికేం తొందర అన్నాను. నాన్న ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడ తీసుకున్నాను. అమ్మ మాటలు కూడా నేనే అన్నాను. ఇన్నిసార్లు విన్నాక అది నోటికి వచ్చేసినట్టు నాకే తెలియదు. మా పెద్దది మంచం కింద ఉంది అన్నాను. దాని చెవులు నిక్కబొడుచుకున్నాయి.

రామ్మా, బయటికి రా. ఎవరూ ఏమీ అనరు. రాకపోయినా పర్లేదులే. అక్కడే ఉండు. నేనిక్కడే కూర్చుంటాను.

ఇన్నేళ్లూ ఈ మాటలు మంచం కిందినించే విన్నాను. బయటినించి అనడం ఇదే మొదలు. బయట ఉన్నవాళ్లకి ఎంత బెంగగా ఉంటుందో నాకేం తెలుసు. రాకపోయినా పర్లేదు అన్నాడే గానీ, నాన్నకి నిజంగా పర్లేదనా, ఎంత ఎదురుచూసి ఉంటాడు.

వచ్చింది. పొట్ట నేలకి ఆనించి, ఆగి, చూసి, ఆగి వచ్చింది. నా మెడ దగ్గర, గొంతు మీద తల పెట్టింది. గొంతు అదిరేచోట. టేపురికార్డరు మీద పడుకున్నట్టే.

మాట్లాడటం ఆపితే వెళ్లిపోతుందేమోనని భయం వేసింది. టేపు అయిపోయింది. అప్పుడు కరెంటు బిల్లు గురించి చెప్పాను. బొండాం గురించి చెప్పాను. ఆకుపచ్చ కిటికీ గురించి చెప్పాను. గిన్నె దగ్గరికి జరిపితే నా చేతిలోంచే తింది.

జూలై 1

పొద్దున్నించి వాగుతూనే ఉన్నాను. గొంతు బొంగురుపోయింది. నల్లపూస కాళ్ల వెంటే తిరుగుతోంది. డాక్టరమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

జూలై 3

ఆపరేషన్ అయింది. చెవి కత్తిరించలేదు.

జూలై 5

రేడియో డాక్టర్ మిషను తీసుకుని తనే ఇంటికి వచ్చాడు. మెట్ల దగ్గర్నించే మాటలు. బెల్టు దొరకడానికి తల ప్రాణం తోకకొచ్చిందట. ఆ కంపెనీ మూతపడి ఎంతకాలమైందో, వాళ్ల గోదాం ఎవరికి అమ్మారో, అంతా చెబుతున్నాడు. నేను వినడం లేదు, ఎందుకంటే నల్లపూస మంచం కిందినించి బయటికి వచ్చి, ఆయన పాదాల మీద కూర్చుని, తలెత్తి ఆయన నోటి వైపే చూస్తోంది.

ఆయన మాట మధ్యలో ఆగిపోయాడు. బహుశా జీవితంలో మొదటిసారేమో. ఆగగానే అది మ్యావ్ అంది. మళ్లీ మొదలుపెట్టాడు.

మీ ఇంట్లో ఎవరెవరుంటారు అని అడిగాను. నేనూ మా ఆవిడా అన్నాడు. కిటికీలకి మెష్ ఉందా అని అడిగాను. నా నోటినించి అలాంటి మాట వస్తుందని అనుకోలేదు.

జూలై 9

డాక్టరమ్మ వాళ్ల ఇల్లు చూసి వచ్చింది. షాపు పైన రెండు గదులు. మెష్ ఆయనే స్వయంగా బిగించాడట. ఇష్టమేనా అని ఆయన భార్యని అడిగితే, ఇన్నేళ్లకి ఈయన చెప్పేది వినే ప్రాణి దొరికింది, నా చెవులకి కాస్త విశ్రాంతి అందట.

మీరే ఉంచుకోవచ్చు కదా అక్కా అని కూడా అడిగింది డాక్టరమ్మ. ఆ మాట నేను ఎన్నిసార్లు అనుకున్నానో. నేను ఉంచుకుంటే ఈ మంచం కింద చోటు నిండిపోతుంది. తర్వాత వచ్చేవి ఎక్కడ దాక్కుంటాయి? అదే చెప్పాను. చెప్పి బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

జూలై 11

వెళ్లిపోయింది. ఇది వెనక్కి తిరిగి చూసింది.

జూలై 12

తమ్ముడికి నేనే ఫోన్ చేశాను. ఏమైంది, ఒంట్లో బాగానే ఉందా అని కంగారు పడ్డాడు.

జూలై 16

కొత్తవి రెండు వచ్చాయి. పెట్రోలు బంకు దగ్గర దొరికాయట. మంచం కింద ఉన్నాయి.

టేపు పెట్టాను. "మా పెద్దది మంచం కింద ఉంది." అతుకు దగ్గర చిన్న చప్పుడు. నాన్న వెంటనే, "ఒక్క మాట చెప్పు తల్లీ. నీ గొంతు కూడా ఉండాలి కదా ఇందులో." ఫ్యాను.

చెప్పాను.