కింది సొరుగు

గువ్వ పిన్నిగారికి,

"పిల్ల ఎంత పొందికో! పడుకోబోయే ముందు బట్టలు, బొమ్మలు, బూట్లు అన్నీ సంచిలో సర్దేసుకుంటోంది. బాగా నేర్పారు" అని రాశారు. తల్లీ, అది నేను నేర్పింది కాదు.

మీ అక్క పోయాక గువ్వ చుట్టాలిళ్లన్నీ తిరిగి మా ఇంటికి చేరింది. అప్పుడూ అంతే. నేనూ మురిసిపోయి వీధంతా టముకేశాను. ఒకసారి "సంచిలో ఎందుకే?" అంటే, "మళ్లీ పంపేస్తే వెతుక్కోకూడదు కదత్తా" అంది.

నా బీరువాలో కింది సొరుగు ఖాళీ చేసిచ్చాను. ముందు ఒక్క సాక్సు పెట్టి చూసింది. ఎవరూ తీయలేదని గౌను పెట్టింది. చివరికి ఇంట్లో కాలు పెట్టే చోటు లేకుండా బొమ్మలు పరిచింది. "ఇది ఇల్లా, సంతా?" అని పైకి అరిచేదాన్ని గానీ లోపల సంబరమే. సంచి అటకెక్కింది.

తీసుకెళ్లడానికి మీరొస్తున్నారని తెలియగానే తనే "అత్తా, సంచి దించు" అంది. ఏడవలేదు. సొంత పిన్ని మీరు, కాదనడానికి నేనెవర్ని? దించాను.

దానికో సొరుగు ఇవ్వండి. సర్దుకుందని మాత్రం మెచ్చుకోకండి.

ఇక్కడ సొరుగులో సాక్సు ఒకటి ఉండిపోయింది. ఏదీ మరిచిపోయే పిల్ల కాదది. ఇప్పుడే పంపలేను. గువ్వ ఇల్లు పీకి పందిరేస్తోందని మీరు రాసిన రోజున పంపేస్తాను.

ఇట్లు,
దాని అత్త