గుడ్డలో దొరికిన రింగు

బావా,

ఫోన్లో చెప్పడానికి నోరు రాక ఉత్తరం రాస్తున్నాను.

మూడు నెలల కిందట మీ ఇంటి ముందు నీ కారు కంప్రెషన్, అంటే సిలిండర్లు గాలిని ఎంత ఒత్తిడితో పట్టి ఉంచుతున్నాయో, చూశాను కదా. స్పార్క్ ప్లగ్గులు తీసిన చోట నేను గేజీ బిగిస్తే, నువ్వు తాళం తిప్పావు. మొదటి రెండు సిలిండర్లూ బాగున్నాయి. మూడు, నాలుగులో ముల్లు సగం కూడా లేవలేదు. "ఇంజను బాగుచేశానని మెకానిక్ నీకు టోపీ పెట్టాడు" అన్నాను. నీ చిన్నప్పటి స్నేహితుడని కూడా చూడకుండా ఆయన్ని గడప తొక్కొద్దన్నావు. "నువ్వు లేకపోతే మోసపోయేవాణ్ణిరా" అని నా భుజం తట్టావు.

ఆ సాయంత్రమే గేజీ కొసన ఉండాల్సిన రబ్బరు రింగు నా చేతిగుడ్డలో దొరికింది. రెండో సిలిండర్ అయ్యాక ఊడిపోయినట్టుంది. గాలి పోయింది నా గేజీ పక్కనుంచి, నీ ఇంజనులోంచి కాదు. నువ్వు తట్టిన భుజం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

చెప్పేద్దామని రెండుసార్లు ఆ మెకానిక్ షెడ్డుదాకా వెళ్లాను. రెండుసార్లూ టైర్లలో గాలి కొట్టించుకుని వచ్చేశాను. "మీ బావ కారు పొద్దున్నే స్టార్టవుతోందా?" అని మాత్రం అడిగాడాయన.

రింగు ఈ కవరులోనే ఉంది. ఆయన చేతిలో పెట్టు. చూడగానే ఆయనకు అర్థమవుతుంది.

నీ బావమరిది