పాలిపోయిన పగడం

మార్చి 4
అక్క ఉప్పునీళ్ల తొట్టిలో పెంచిన సజీవ పగడం ఇల్లు మారింది. బావ తన కళ్లద్దాల షాపు ముందు గదిలో దానికి పెద్ద ట్యాంక్ కట్టించారు. అక్క పోయాక, ఆమె చేతుల్లో పెరిగినవాటిలో ఇంకా పెరుగుతున్నది ఇదొక్కటే. గోరంత ముక్క అరచేయంత అయింది.
లైటింగ్ నాకు అప్పగించారు. నా ఉద్యోగమూ అదే. నీలం యాభై శాతం, తెలుపు పది. ఉదయం మెల్లగా వెలగాలి, సాయంత్రం మెల్లగా ఆరాలి, రాత్రంతా చీకటి. వారానికి ఐదు శాతానికి మించి పెంచకూడదు. కొత్త చోటు, అలవాటు పడనివ్వాలి.

మార్చి 9
బావకు నచ్చలేదు. ఇది షాపా, సినిమా హాలా అని కస్టమర్లు అడుగుతున్నారట. మరదలు కరెంటును కూడా చెంచాతో పోస్తుందని అందరి ముందూ నవ్వారు. నేనూ నవ్వాను. తొందరపడితే చచ్చిపోతుందని చెప్పాను. మీ అక్కా ఇలాగే బెదరగొట్టేది అన్నారు.

మార్చి 15
పనిమీద ఊరెళ్లి వచ్చేసరికి తెలుపు వంద శాతం. షాపు మేనేజరు ఫోన్‌లో లైట్ల యాప్ తెరిచి మార్చాడట, బావ చెప్పారట. రోడ్డు మీదికి కనబడాలని రాత్రుళ్లు కూడా ఆపలేదట.
పగడం తెల్లగా పాలిపోయింది. దాని గోధుమరంగు దాని సొంతం కాదు, ఒంట్లో కాపురముండే నాచుది. ఆ నాచే దానికి అన్నం పెడుతుంది. వెలుగు మితిమీరితే పగడం ఆ నాచును గెంటేస్తుంది, ఆపైన పస్తులే.
ఇంకా ప్రాణం ఉంది. ఇప్పుడు తగ్గిస్తే కోలుకోవచ్చు. తగ్గించి వచ్చాను.

మార్చి 16
మళ్లీ వంద. యాప్ పాస్‌వర్డ్ మార్చేశారు.

మార్చి 22
బతిమాలాను. మరదలివి కాబట్టి ఊరుకుంటున్నాను అన్నారు బావ. అందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారట, ముత్యంలా ఉందంటున్నారట. ఇన్నాళ్లూ మురికి పట్టి ఉంటే అక్కాచెల్లెళ్లకు కనబడనే లేదా అని ఎగతాళి చేశారు.
తెల్లనివన్నీ పాలే ఆయనకు. చివరి నెలల్లో అక్క ఒంట్లో రక్తం లేక పాలిపోతుంటే, రంగు తేలావని మురిసిపోయిన మనిషి.

ఏప్రిల్ 19
బావ ఫోన్. పగడం మీద ఆకుపచ్చ మరక పడుతోందట. షాపు తెరిచేలోపు వచ్చి తుడిచి వెళ్లమన్నారు.
బతికున్న పగడానికి మరక పట్టదు.
మెత్తని బ్రష్ తీసుకుని బయలుదేరాను.