మగ్గం గదిలోకి కెమెరా

2019 ఏప్రిల్ 24
అఖిలకు కెమెరా కొనాలి. ఐదో తరగతి అయిపోయింది, సెలవులకు ఏం కావాలే అని అడిగితే సైకిల్ అంటుందనుకున్నాను. కెమెరా అంది. అడిగింది నేనే కాబట్టి వెనక్కి పోయేది లేదు.
మా ఆయన మాత్రం, ఫోన్ల ఫొటోలు వస్తలేవా, మళ్ల కెమెరా ఎందుకు అన్నారు. ఫోన్ పనికిరాదు అన్నాను. ఎందుకో ఆయనకూ తెలుసు. టవల్ భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయారు.

ఏప్రిల్ 25
ఎందుకు పనికిరాదో రాసుకుంటే ఎలాంటిది కొనాలో తేలుతుంది.
పోయిన ఏడు మామయ్య కందిపువ్వు డిజైన్ వేశారు. రంగు అంటకూడని చోటల్లా నూలుకు చిటికి కట్టి, రంగులద్ది, మగ్గానికి ఎక్కించేసరికి రెండు నెలలు. మా ఇళ్లలో కొత్త డిజైన్‌ను మొదటి చీర మగ్గం మీంచి కోసి దేవుడి ముందు పెట్టేదాకా బయటివాళ్లకు చూపించరు. అఖిల వాళ్ల బాపు ఫోన్‌తో మగ్గం మీది చీరను ఫొటో తీసింది. బాగా తీసింది. ఈయన మురిసిపోయి, నా బిడ్డ తీసింది అని వాట్సాప్ స్టేటస్ పెట్టారు. మామయ్య మగ్గం మీది చీరలు పూర్తికాకముందే అదే పువ్వు ప్రింట్ చీరల మీద దుకాణాల్లో వేలాడింది.
మామయ్య తన కొడుకును, అంటే మా ఆయన్ను, తిట్టారు. అఖిలను పల్లెత్తు మాట అనలేదు. మగ్గం గది గుమ్మం పక్కన మాత్రం ఒక చాట పెట్టించారు. లోపలికి ఎవరొచ్చినా ఫోన్ అందులో పెట్టాలి. కరెంటు బిల్లు కొట్టే మనిషి కూడా. అఖిలకు ఫోన్ లేదు. అయినా ఆనాటి నుంచి పిల్ల ఆ గదిలోకి పోలేదు. అంతకుముందు బడి నుంచి రాగానే తాత పక్కన చేరి రంగుదారాలు అందించేది.
కాబట్టి కెమెరా ఫొటో తీయాలి. ఆ ఫొటో ఎక్కడికీ పోకూడదు. అప్పుడే మామయ్య కెమెరాను లోపలికి రానిస్తారు, పిల్లా మళ్లీ పోతుంది. నా షరతు ఇదొక్కటే.

ఏప్రిల్ 29
నల్లగొండ వెళ్లాం, నేనూ అఖిలా. ఎండ మండిపోయింది.
దుకాణం రఘుపతి అనే ఆయనది. మొదట చూపించిన దానికి వైఫై ఉందట, నొక్కంగనే ఫోన్లకు పోతదమ్మా అని మురిపెంగా చెప్పాడు. పోనిది కావాలి అన్నాను. ఇంకోటి తీశాడు. దానికి బ్లూటూత్. పోనిదే కావాలి అన్నాను. అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, అందరు పోయేదాని కోసం వస్తరు, మీరు పోనిదాని కోసం వచ్చిండ్రు, ఏంది తల్లీ సంగతి అన్నాడు. ఇంకోటి చూపించండి అన్నాను.
పిల్లలదని ఒకటి చూపించాడు. డబ్బా మీద కుందేలు బొమ్మ. అఖిల ముఖం తిప్పుకుని, గిది చిన్న పోరగాళ్లది అంది. చివరికి పై అరలోంచి పాత స్టాక్ ఒకటి దుమ్ము దులిపి దించాడు. ఎర్రది, అఖిల చేతిలో ఇమిడింది. జూమ్ ఉంది, పెన్సిల్ సెల్స్, మెమరీ కార్డు. స్క్రీన్ ఎండలో కనిపిస్తుందా అని రోడ్డు మీదికి పట్టుకెళ్లి చూశాను. కార్డు తీయించాను, పెట్టించాను, మళ్లీ తీయించాను. మీరు గవర్నమెంటు ఇన్‌స్పెక్షనా అని అడిగాడు. కొన్నాను.
బస్సులో అఖిల మొదటి ఫొటో నా చెప్పులది.

ఏప్రిల్ 30
కార్డు తీసి మామయ్య అరచేతిలో పెట్టాను. ఫొటోలన్నీ ఇందులోనే ఉంటాయి, ఇది మీ దగ్గరుంటే ఎక్కడికీ పోవు అని చెప్పాను. తిప్పి తిప్పి చూసి, గింతదాంట్లనా అన్నారు. అత్తయ్య వంటింట్లోంచే, నా పుస్తెలతాడు గూడ గింత భద్రంగ దాయలే ముసలోడు, గిప్పుడు సీతాఫలం కండ్లు దాస్తున్నడు అన్నది. ఈసారి డిజైన్ అదే. పండిన సీతాఫలం మీద కళ్లు విచ్చినట్టు ఉంటుంది.
మామయ్య నవ్వలేదు. కార్డు నాకిచ్చేసి, చూద్దాం తీయి అన్నారు.
ఆయన చూద్దాం అంటే వద్దని.

మే 3
అఖిల వాకిట్లో కోళ్లను ఫొటోలు తీస్తోంది. కోళ్లకు విసుగొచ్చింది.

మే 6
నేనేమీ నేర్పలేదు. పొద్దున అఖిల తనంతట తానే కెమెరాను చాటలో పెట్టి, ఉత్త చేతులతో మగ్గం గదిలోకి పోయింది. నేను వాకిట్లో బియ్యం ఏరుతున్నాను. ఏరిన రాయిని మళ్లీ బియ్యంలోనే వేశాను.
మగ్గం ఆగింది. కాసేపటికి మామయ్య గుమ్మంలోకి వచ్చారు. చాటలోకి చూశారు, నా వైపు చూశారు. కెమెరా తీసుకుని లోపలికి పోయారు. మగ్గం మళ్లీ ఆడింది.
షరతులు అన్నం తినేటప్పుడు చెప్పారు. మొదటి చీర కోసేదాకా రాత్రిళ్లు కార్డు ఆయన తమలపాకుల డబ్బాలో ఉండాలి. ఫొటోలు ఎవ్వరికీ చూపించకూడదు. నా కొడుక్కయితే అసలే చూపెట్టకు బిడ్డా అన్నారు. కొడుకు పక్కనే కూర్చుని పప్పు కలుపుకుంటున్నారు.

మే 10
సెల్స్ మళ్లీ అయిపోయాయి. కెమెరా ఎత్తితే చాలు మామయ్య మగ్గం ఆపి, పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటున్నారట. నువ్వు నేస్తుంటే తియ్యాలె తాతా, పెండ్లికొడుకు లెక్క కూసుంటే ఎట్ల అని అఖిల కొట్లాట. వంటింట్లోకి అంతా వినిపిస్తోంది. ఏడాదైంది ఇలా విని.

మే 17
మొదటి చీర కోశారు. కొబ్బరికాయ కొట్టాం. ఇక చూడొచ్చు అన్నారు మామయ్య. కెమెరాకు వైరు తగిలించి అందరం టీవీలో చూశాం.
రంగంటిన ఆయన గోళ్లు. గుమ్మంలో నోరు తెరిచి అరుస్తున్న అత్తయ్య. దారాల సందులోంచి వెలుతురు.
తర్వాత ఒకటి వచ్చింది. వంకర ఫొటో, మూలన ఎవరిదో బొటనవేలు. మగ్గం మీద తాత కూర్చునే చోట అఖిల కూర్చుని ఉంది. నేసే మనిషి తప్ప ఎవరూ కూర్చోని చోటు. తల సగం తెగిపోయింది కానీ చీర మాత్రం ముందు పరచుకుని, డిజైన్ కన్ను కన్నూ కనిపిస్తోంది. కింద తేదీ మే 8. అప్పటికి చీర సగం కూడా కాలేదు.
అందరం మామయ్య వైపు చూశాం.
గా బటన్ నొక్కుడు నాకు సరిగ రాలే అన్నారు మామయ్య. లేచి టీవీ దగ్గరికి వెళ్లి, నేసేటప్పుడు కాళ్లు పెట్టే మగ్గం గుంతలో వేలాడుతున్న అఖిల పాదాల మీద వేలు పెట్టారు. పోరి కాళ్లు అందుతలేవు అన్నారు.

మే 20
మామయ్య కబురు పెడితే వడ్రంగి జంగయ్య వచ్చి, అఖిల కాళ్లకు కొలతపెట్టి, మగ్గం తొక్కుడు చెక్కల మీద పెట్టి తీసుకునేలా రెండు కట్టె దిమ్మెలు చేసిచ్చి పోయాడు. ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలో తోచలేదు.
కెమెరా కింద రాశాను.