అత్తమ్మ తిన్న జెల్లీ

ఆదిలాబాద్, 1966 జనవరి, ఆదివారం

పెద్దవాళ్ల మనసు నొప్పించకూడదని నిజం దాచడం తప్పేనా? సాయంత్రం నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

నిన్న సహకార స్టోరులో కొత్తగా వచ్చిన జెల్లీ పొట్లం తెచ్చాను. వేడినీళ్లలో కలిపి పెరట్లో పెడితే ఈ చలికే తెల్లారేసరికి గడ్డకట్టింది. పండరిపురంలో తులసిమాల వేసుకున్నప్పటి నుంచి నీసు ముట్టని అత్తమ్మ రెండు గిన్నెలు తిన్నది. "నోట్ల పండ్లు లేనోళ్ల కోసమే చేసిండ్రా ఏంది! రేపు గూడ చెయ్యి బిడ్డా" అని నవ్వింది. మామయ్య పోయాక ఆమె అడిగి తినడం ఇదే మొదలు.

సాయంత్రం పక్కింటి డాక్టరమ్మ నా చెవిలో, "అయ్యో వదినా, అండ్ల పశువుల బొక్కలు ఉడికిచ్చి తీసిన జిగురుంటది" అన్నది.

చెబితే నీసు తిని నియమం తప్పానని మాల తీసేస్తుంది. మళ్లీ మాల వేసుకోవడానికి పండరిపురం వెళ్లే ఓపిక ఆమెకు లేదు. చెప్పకపోతే పొద్దున్నే జెల్లీ అడుగుతుంది. ఏం చెయ్యాలో నాకింకా తేలడం లేదు.