ఆరు రోజుల గైరుహాజరు

కార్వేటినగరం,
5-8-1999

చిరంజీవి ప్రశాంతికి నాయన మునిరత్నం ఆశీస్సులు. ఇక్కడ నేను, అమ్మ, ఆవు, బోరు మోటారు క్షేమం.

నిన్న మీ కాలేజీ నుంచి అచ్చు కార్డు వచ్చింది. గురు, శుక్ర, శనివారాలు నువ్వు గైరుహాజరట. కార్డు దీంతోపాటు పంపుతున్నాను. ఒకేషనల్ ఇంటర్ అంటే చదువూ పనీ రెండూ నేర్పుతారని హాస్టల్లో చేర్పించాను గానీ, ఊరు తిరగమని కాదు. ఆ మూడు రోజులు ఎక్కడికి పోతున్నావు? ఇప్పటికైతే నాకు కోపం లేదు. నీ జవాబు చూశాక చెబుతాను.

నీ నాయన

తా.క.: నా కంట పడకూడదని అమ్మ ఆ కార్డును దేవుడి పటం వెనక దాచింది. వెతకడానికి ఒక పూట పట్టింది.

తిరుపతి,
8-8-1999

నాయనగారికి ప్రశాంతి నమస్కారాలు.

ఆ మూడు రోజులు నేను దేవరాజులు గారి మోటారు వైండింగ్ షాపులో ఉంటున్నాను. ఇదీ కోర్సులో భాగమే. సోమ, మంగళ, బుధవారాలు కాలేజీలో కరెంటు పాఠాలు. మిగతా మూడు రోజులు షాపులో కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం. దానికి స్టైపెండు కూడా ఇస్తారు. మా కాలేజీ గుమాస్తా గారి రిజిస్టరులో వచ్చారు, రాలేదు అని రెండే గళ్లున్నాయి. షాపుకు పోయినవాళ్లకు గడి లేదు.

మీ కూతురు

తా.క.: మీరు పంపిన కార్డు చూసి దేవరాజులు గారు ముచ్చటపడ్డారు. తన షాపుకూ అలాంటివి ఉండాలని అచ్చుకిచ్చారు.

కార్వేటినగరం,
17-8-1999

ప్రశాంతికి ఆశీస్సులు. మోటారు తప్ప అందరం క్షేమం. అది నిన్న కాలిపోయింది.

నీ జవాబు చదివి స్థిమితపడ్డాను. ఇంతలో షాపు నుంచి కార్డు వచ్చింది. సోమ, మంగళ, బుధవారాలు నువ్వు అక్కడ గైరుహాజరట. కాలేజీలో మూడు రోజులు లేవు, షాపులో మూడు రోజులు లేవు. ఇక మిగిలింది ఆదివారం. ఆ రోజు రెండూ మూసి ఉంటాయి. ఈ వారంలోనే వచ్చి నిన్ను తీసుకొస్తాను. చదివింది చాలు, పెట్టె సర్దుకో.

నీ నాయన

తా.క.: అమ్మ ఈసారి కార్డును బియ్యం డబ్బాలో దాచింది. నాకు అనుభవం వచ్చింది, వెంటనే దొరికింది.

తిరుపతి,
22-8-1999

నాయనగారికి నమస్కారాలు.

వారమంతా ఎదురుచూశాను, మీరు రాలేదు. పెట్టె సర్దాను, విప్పాను, మళ్లీ సర్దాను. నాయనా, కాలేజీలో ఉంటే షాపులో ఉండను, షాపులో ఉంటే కాలేజీలో ఉండను. ఇద్దరూ రాసింది నిజమే. నాకు ఈ చదువు చాలా ఇష్టం. ఒక్కసారి కళ్లారా చూసి, ఆ తర్వాత మాన్పించండి.

మీ ప్రశాంతి

తా.క.: శుక్రవారం షాపుకు ఒక మోటారు వచ్చింది. వోల్టేజీ చూడకుండా నడిపి ఎవరో మొండి రైతు దాన్ని బొగ్గు చేశాడు. నిన్నంతా నాకు దాంతోనే సరిపోయింది. ఆయనకు బుద్ధి రావాలని మోటారు మీద చీటీ అతికించాను. గట్టిగానే రాశాను.

కార్వేటినగరం,
31-8-1999

చిరంజీవి ప్రశాంతికి ఆశీస్సులు. మోటారుతో సహా అందరం క్షేమం.

ఆ మొండి రైతును నేనే.

నిన్ను తీసుకురావడానికే శుక్రవారం వచ్చాను. ఎలాగూ వస్తున్నానని మోటారును బస్సు టాపు మీద వేసుకొచ్చాను. కాలేజీలో అడిగితే షాపుకు పొమ్మన్నారు. అక్కడ నువ్వు అటు తిరిగి కూర్చుని, లెక్కపెడుతూ తీగ చుడుతున్నావు. పిలవబోతే దేవరాజులు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు పిలవొద్దప్పా. లెక్క తప్పితే మల్లా మొదట్నించీ సుట్టాల. మూడు దినాలు కాలేజీలో సదువుతాది, మూడు దినాలు ఈడ పని సేస్తాది. ఇట్లాంటి పాప ఇంకొకరుంటే నేను ఇంట్లో పనుకుంటా."

నువ్వు నూట పన్నెండు అనేదాకా విన్నాను. మాన్పించడానికి వచ్చిన నాయనని నేనేనని చెప్పుకోవడానికి సిగ్గేసింది. మోటారు అప్పగించి బస్సెక్కేశాను. పెట్టె విప్పెయ్యి తల్లీ. నువ్వు చదవాలి.

పోయిన సోమవారం పాల వ్యాను డ్రైవరు మోటారు తెచ్చిచ్చాడు. నీళ్లు మునుపటికంటే జోరుగా వస్తున్నాయి. నీ చీటీని స్టార్టరు పెట్టె మీద అతికించాను. రోజూ అమ్మ దాన్ని నాకు చదివి వినిపించాకే స్విచ్చి వెయ్యనిస్తోంది.

నీ నాయన

తా.క.: ఆ శుక్రవారమే ఇక్కడ పాల సంఘం మీటింగు. రాలేదని నాకూ కార్డు వచ్చింది. ఆ రోజు నేను షాపులోనే ఉన్నానని దేవరాజులు చేత రాయించి పంపు.