తీతువు అరిచిన చోట

బాపూ,

నువ్వు పోయి ఏడాదైంది. మన కోహెడ చెలకలో తీతువు పిట్ట మళ్లీ నేలమీద గుడ్లు పెట్టింది. నువ్వు ఆ జాగ వదిలేసి దున్నేవాడివి. నేనూ ట్రాక్టర్‌ను అంత మేర తప్పించాను.

పొద్దున మంచు విడవకముందే పట్నం నుంచి నలుగురు పక్షి ప్రేమికులు కారు దిగారు. మోచేతంత కెమెరాలు, ఆకుల బొమ్మల చొక్కాలు. చెట్టే లేని చెలకలో ఆ ఆకులెందుకో వాళ్లకే తెలియాలి. గూడెక్కడని అడిగారు.

"గా పిట్ట అరుస్తున్న కాడ చూడున్రి సార్" అన్నాను.

"అరిసే కాడ గుడ్లుండయి బిడ్డా, అది మనల్ని మోసం చేస్తది" అని చిన్నప్పుడే చెప్పావు కదా. పిట్టల మీద పుస్తకం రాస్తున్నాడట ఒకాయన, మిట్టమధ్యాహ్నం ఎండలో బోర్లా పడుకుని మరీ వెతికాడు.

మాపటికి మబ్బు కమ్మి రాళ్లవాన పడింది. ప్రేమికులంతా కారెక్కి పారిపోయారు.

నేను నీ గొంగడి కప్పుకుని గుడ్లు చూడబోయాను. నువ్వు పక్కనుంచి పోయినా ఆ పిట్ట కదిలేది కాదు, నన్ను చూస్తే దూరం నుంచే లేచి అరుస్తుంది. ఈసారి గుడ్ల మీదే కూర్చుని నా వంకే చూసింది, లేవలేదు.

గొంగడి తీయకుండానే వెనక్కి వచ్చేశాను.